కొమ్ము పోయిన పేర్లు



మా అన్నయ్య కూతురికి పెళ్లి కుదిరింది. శుభలేఖలు అచ్చయి వచ్చాయి. మూలలకు పసుపు అద్దే పని మా వదిన చూసుకుంటోంది. కవర్ల మీద చిరునామాలు అంటించే పని నాకు అప్పజెప్పారు, ఎందుకంటే మా బంధువుల చిరునామాలన్నీ నా దగ్గరే ఉంటాయి. ఒకప్పుడవి అమ్మ డైరీలో ఉండేవి. ఎవరిల్లు మారినా అమ్మ పాత చిరునామా మీద ఒక గీత కొట్టి, పక్కన మిగిలిన ఖాళీలో కొత్తది ఇరికించి రాసేది. 2010లో నేను కూర్చుని ఆ డైరీ మొత్తాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాను. అమ్మ ఎలా రాసిందో అలాగే, తెలుగులోనే. మొత్తం 412 చిరునామాలు.

నేను పనిచేసుకునేది ఈమాక్స్ అనే ఎడిటర్లో. రాసుకోవడానికీ దిద్దుకోవడానికీ వాడే ప్రోగ్రాం అది. ఇప్పుడు మనం వాడే గ్నూ ఈమాక్స్‌ను రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేశాడు. అందులో చిరునామాలు దాచుకోవడానికి బీబీడీబీ అని ఒక అనుబంధం ఉంది. 1990ల మొదట్లో జేమీ జవిన్‌స్కీ అనే ప్రోగ్రామరు రాసింది. దానిలో నాకు నచ్చిన గుణం ఒక్కటే. చిరునామాలన్నీ ఒక మామూలు రాత ఫైల్లో ఉంటాయి. మనిషికొక వరుస, చదరపు బ్రాకెట్ల మధ్య పేరు, ఫోను, ఊరు. రేపు ఆ ప్రోగ్రాం లేకపోయినా ఫైలు తెరిచి కంటితో చదువుకోవచ్చు. అమ్మ డైరీకి ఉన్న గుణమే అది.

చిరునామాలను లేబుళ్లకు వీలుగా, కామాలతో విడదీసిన ఫైలుగా తీసి అమ్మాయికి పంపాను. అమ్మాయి దాన్ని ప్రింటు వేసే దుకాణానికి తీసుకెళ్లింది. సాయంత్రం ఫోను.

"బాబాయ్, లేబుళ్లు వచ్చాయి గానీ ఒక్క తెలుగు అక్షరం లేదు. ఏదో ఫ్రెంచిలా ఉంది. పిన్‌కోడ్లు మాత్రం సరిగ్గా ఉన్నాయి. ఏం చెయ్యమంటావ్?"

"ఏమీ చెయ్యకమ్మా. ఆ ఫైలు సేవ్ చెయ్యొద్దని చెప్పు. మూసేసేటప్పుడు సేవ్ చెయ్యనా అని అడిగితే వద్దనమను. ఒక లేబులు ఫోటో తీసి పంపు, చాలు."

ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది చాలావరకు ఆ జవాబులోనే ఉంది. తెర మీద పిచ్చి గీతలు కనిపించినప్పుడు చాలాసార్లు అక్షరం చెడలేదు, చదివే పద్ధతి తప్పింది, అంతే. ఫైలు లోపల అక్షరం క్షేమంగా ఉంటుంది. తప్పుగా చదివిన దాన్ని సేవ్ చేసిన క్షణాన అసలు నష్టం మొదలవుతుంది. కంగారుపడి చేసే మరమ్మతు కంటే కాసేపు ఏమీ చెయ్యకుండా ఉండటం మేలు.

అమ్మాయి పంపిన ఫోటోలో ఏముందో చెబుతాను, ఎందుకంటే దీన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఇంగ్లీషు చిన్నబడి మొదటి అక్షరం, దాని నెత్తిన ఒక వాలు గీత. దాని పక్కన జ్వరం కొలిచినప్పుడు డిగ్రీకి వేసే చిన్న సున్నా. ఆ తర్వాత ఏదో ఒక గుర్తు. మళ్లీ వాలు గీత, మళ్లీ డిగ్రీ, మళ్లీ ఏదో గుర్తు. మధ్యమధ్య డిగ్రీకి బదులు కూడిక గుర్తు కింద తీసివేత గీత ఉన్నది, లెక్కల పుస్తకాల్లో ప్లస్ ఆర్ మైనస్ అంటామే, అది వస్తుంది. ఈ రెండు జంటలు వరుసగా కనబడితే ఇక ఆలోచించనక్కర్లేదు. అది ఫ్రెంచి కాదు, తెలుగే.

ఎందుకో వివరిస్తాను. కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె తెలుసు. ప్రపంచంలోని లిపులన్నిటికీ అంకెలు కేటాయించే ఏర్పాటు యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్లోనే తెలుగు ఉంది. మన లిపికి 3072 నుంచి 3199 వరకు 128 గదులు ఇచ్చారు. ఈ గదుల్లో అక్షరాల వరుస మన దేశంలో 1988లో తయారైన ఇస్కీ అనే ప్రమాణాన్ని అనుసరించి పెట్టిందే. అందుకే హిందీ 'క' తన వాడలో ఎన్నో గదిలో ఉందో, తెలుగు 'క' కూడా తన వాడలో అదే గదిలో ఉంటుంది. మన 'క' అంకె 3093.

కానీ ఫైల్లో దాచేది బైట్లు. ఒక్కో బైటు 0 నుంచి 255 దాకానే లెక్కపెట్టగలదు. 3093 అందులో పట్టదు. దాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి రాసే పద్ధతుల్లో, వీటినే ఎన్‌కోడింగులు అంటారు, ఇప్పుడు లోకమంతా వాడేది యూటీఎఫ్-8. దీన్ని కెన్ థామ్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు 1992 సెప్టెంబరులో అమెరికాలోని న్యూజెర్సీలో ఒక భోజనశాలలో కూర్చుని, పళ్లెం కింద వేసే కాగితం మీద గీసి తేల్చారు. ఆ పద్ధతిలో 'క' మూడు బైట్లవుతుంది. 224, 176, 149.

పశ్చిమ యూరపు భాషల కోసం చేసిన పాత పద్ధతులు వేరు. వాటిలో ఒక బైటు అంటే ఒక అక్షరం. అక్కడ 224 అంటే వాలు గీత పెట్టుకున్న ఆ ఫ్రెంచి అక్షరం. 176 అంటే డిగ్రీ గుర్తు. 149 అంటే విండోస్ పద్ధతిలో ఒక లావుపాటి చుక్క. అంటే మన ఒక్క 'క'ను ఆ పద్ధతిలో చదివితే మూడు ముక్కలుగా కనిపిస్తుంది. తెలుగుకిచ్చిన 128 గదుల్లో మొదటి 64 గదుల బైట్లు 224, 176తో మొదలవుతాయి. మిగతా 64 గదులవి 224, 177తో. అచ్చులు, హల్లులు, సున్న, దీర్ఘం, గుడి మొదటి సగంలో ఉన్నాయి. గుడిదీర్ఘం నుంచి కొమ్ములు, ఎత్వాలు, ఒత్వాలు, పొల్లు రెండో సగంలో. 177 అంటే ఆ ప్లస్ ఆర్ మైనస్ గుర్తు. అందుకే డిగ్రీ, ప్లస్ ఆర్ మైనస్ మాత్రమే మనకు తగులుతూ ఉంటాయి.

ఇది తెలిశాక నాకొక కొత్త చదువు వచ్చినట్టయింది. గీతలు చూసి భాష చెప్పగలుగుతున్నాను. వాలు గీత అక్షరం పక్కన, నాలుగు మూలలా ముళ్లున్న చిన్న వలయం వస్తే అది హిందీ. వలయంలో ఇంగ్లీషు ఆర్ అక్షరం, అదే రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ గుర్తు వస్తే తమిళం. లెక్కల్లో వర్గానికి వేసే చిన్న 2 పైన కనిపిస్తే కన్నడం. పెళ్లికొడుకు తరఫు వాళ్లు బళ్లారి వైపు వాళ్లు. వాళ్ల జాబితాలోంచి వచ్చిన రెండు లేబుళ్ల మీద ఆ చిన్న 2 గుర్తు చూసి, ఈ రెండూ కన్నడంలో రాసి ఉన్నాయి కదా అని అమ్మాయిని అడిగాను. అవునంది.

తెర మీద కనిపించే పిచ్చి అంతా ఒకే రకం కాదు. గళ్లు గళ్లుగా, ఖాళీ పెట్టెల్లా కనిపిస్తే భయం లేదు, ఆ యంత్రంలో తెలుగు ఫాంటు లేదు, అంతే. ఫాంటు పెడితే అక్షరాలు వచ్చేస్తాయి. నల్లటి వజ్రం ఆకారంలో ప్రశ్నార్థకం కనిపిస్తే, చదివే ప్రోగ్రాం ఈ బైటు నాకు అర్థం కాలేదు అని చెబుతోందన్నమాట. ఫైలు ఇంకా క్షేమంగా ఉండొచ్చు. మామూలు ప్రశ్నార్థకాలు వరుసగా నాలుగైదు కనిపిస్తే మాత్రం గుండె జారుతుంది. తెలుగు పట్టని పద్ధతిలో ఎవరో సేవ్ చేశారు, ప్రతి అక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థకం కూర్చుంది. 'రమ'కూ 'ఉష'కూ రెండేసి ప్రశ్నార్థకాలే మిగులుతాయి. అక్కడ తీయడానికి ఏమీ లేదు, పాత నకలు వెతుక్కోవలసిందే. విండోస్ నోట్‌ప్యాడ్‌లో 2019 దాకా మామూలుగా సేవ్ చేస్తే పాత పద్ధతిలోనే వెళ్లేది. ఈ గుర్తులు పోతాయి సుమా అని ఒక హెచ్చరిక వచ్చేది. దాన్ని చదవకుండా సరే నొక్కిన వాళ్లు ఎందరో. ఆ ఏడాది నుంచి అది యూటీఎఫ్-8లోనే సేవ్ చేస్తోంది.

ఇంకో రకం ఉంది, అది ఎన్‌కోడింగ్ జబ్బే కాదు. మన డీటీపీ కేంద్రాల్లో 'అను' అనే పేరున్న ఫాంట్లలో కట్టిన పాత పట్టికలు దొరుకుతుంటాయి. వాటిలో యంత్రం దృష్టిలో ఉన్నది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడిగింది. ఫాంటు తీసేస్తే లోపలి గుర్తులు బయటపడతాయి. దాన్ని ఎన్ని ఎన్‌కోడింగులు మార్చి చదివినా తెలుగు రాదు. ఏ బొమ్మకు ఏ అక్షరమో తెలిసిన మార్పిడి ప్రోగ్రాం కావాలి. డిగ్రీ గుర్తు జంట కనిపించకుండా వేరే గందరగోళం కనిపిస్తే ముందు దీన్ని అనుమానించాలి.

లేబుళ్ల సంగతి తొందరగానే తేలిపోయింది. దుకాణంలో ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిచారు. అలా తెరిస్తే ఎక్సెల్ దాన్ని విండోస్ పాత పద్ధతిలో ఉన్న ఫైలనుకుంటుంది. డేటా అన్న చోటికి వెళ్లి, ఫైలును దిగుమతి చేసుకుంటూ యూటీఎఫ్-8 అని ఎంచుకుంటే సరిపోతుంది. లేదంటే ఫైలు మొట్టమొదట 239, 187, 191 అనే మూడు బైట్లు పెట్టి పంపితే ఎక్సెల్ తానే గుర్తుపడుతుంది. నేను రెండోది చేద్దామని ఇంటి దగ్గర అసలు ఫైలు తెరిచాను.

తెరిచేసరికి గుండె ఝల్లుమంది. తెర నిండా వెనక్కి వాలిన గీతలు, ఒక్కోదాని వెనక మూడేసి అంకెలు. 340, 260, 225. 340, 260, 262. 412 చిరునామాల్లో ఒక్క తెలుగు అక్షరం లేదు. ముందు రోజు దాకా బాగున్న ఫైలు.

అమ్మాయికి చెప్పినదే నాకూ చెప్పుకున్నాను. ముట్టుకోకు. ఫైలుకు వేరే పేరుతో ఒక నకలు తీసి పక్కన పెట్టాను. ఈమాక్స్ సేవ్ చేసేటప్పుడు పాతదాన్ని పేరు చివర అలలాంటి గీత పెట్టి దాస్తుంది. కానీ మామూలుగా అలాంటిది ఒక్కటే ఉంచుతుంది. మర్నాడు మళ్లీ తెరిచి సేవ్ చేస్తే మంచి నకలు పోయి చెడ్డది దాని స్థానంలోకి వస్తుంది. అందుకని దానికీ వేరే నకలు తీశాను.

తర్వాత ఆ అంకెలు చదివాను. ఈమాక్స్ తనకు అర్థంకాని బైటును ఎనిమిది ఆధారంగా లెక్కించిన అంకెతో చూపిస్తుంది. 340 అంటే మనం మామూలుగా లెక్కించే 224. 260 అంటే 176. 225 అంటే 149. అంటే 'క'. నా 'క' ఎక్కడికీ పోలేదు. ఆ క్షణంలో కలిగిన నెమ్మది మాటల్లో చెప్పలేను. అమ్మ డైరీ నీళ్లలో పడిందనుకుని పరుగెత్తి, తీసి చూస్తే సిరా చెదరకుండా ఉన్నట్టు.

మరి ఈమాక్స్ దాన్ని ఎందుకు చదవలేకపోయింది? దానికి రెండు కారణాలు కలిశాయి. ముందు రోజు రాత్రి అమెరికాలో ఉన్న మా మేనకోడలు అక్కడి బంధువుల చిరునామాలు ఒక ఫైలుగా పంపింది. ఎడిటర్లో తెరవకుండా కమాండుతో ఆ ఫైలునూ నా ఫైలునూ కలిపేశాను. ఆమెది ముందు, నాది వెనక. నా ఫైలు మొదటి వరుసలో, ఈ ఫైలు ఫలానా ఎన్‌కోడింగ్‌లో ఉంది అని చెప్పే ఒక చీటీ ఉంటుంది. ఈమాక్స్ ఆ చీటీని మొదటి వరుసలోనే వెతుకుతుంది. కలిపేసరికి అది ఇరవయ్యో వరుసకు జారిపోయింది. వీధి చివర ఉండాల్సిన బోర్డును ఎవరింటి పెరట్లోనో పెట్టినట్టయింది.

చీటీ లేకపోతే ఈమాక్స్ బైట్లను చూసి ఊహిస్తుంది. మామూలుగా ఆ ఊహ సరిగ్గానే ఉంటుంది, ఎందుకంటే యూటీఎఫ్-8కి కట్టుబాట్లు గట్టివి. 224 తర్వాత కచ్చితంగా ఫలానా హద్దుల్లో ఉన్న రెండు బైట్లు రావాలి. వేరే పద్ధతిలో రాసిన పాఠం అనుకోకుండా యూటీఎఫ్-8లా కనిపించడం చాలా అరుదు. ఆ గట్టిదనమే ఇక్కడ ఎదురు తిరిగింది. మేనకోడలు పంపిన ఒక వీధి పేరులో ఇంగ్లీషు వంపు అపాస్ట్రఫీ ఉంది. అది విండోస్ పాత పద్ధతిలో ఒకే బైటుగా, 146గా ఉంది. యూటీఎఫ్-8లో 146 ఒంటరిగా నిలబడకూడదు. ఆ ఒక్క బైటును చూసి, ఇది యూటీఎఫ్-8 కాదు అని ఈమాక్స్ ఫైలు మొత్తాన్ని పక్కన పెట్టింది. వేలాది అక్షరాల సాక్ష్యం ఒకవైపు, ఒక్క అపాస్ట్రఫీ ఒకవైపు. ఆ వీధి ఉన్నది న్యూజెర్సీలో, యూటీఎఫ్-8 పుట్టిన రాష్ట్రంలోనే.

ఇలాంటప్పుడు ఆ ఒక్క బైటును పట్టుకోవడానికి ఐకాన్వ్ అనే చిన్న ప్రోగ్రాం చాలా సాయపడుతుంది. యూటీఎఫ్-8 నుంచి యూటీఎఫ్-8కే మార్చమని దానికి ఫైలు ఇస్తాం. మార్చడానికేమీ లేదు, కానీ అది ప్రతి బైటునూ పరీక్షిస్తూ వెళ్లి, తప్పు దొరికిన చోట ఆగి, ఎన్నో బైటు దగ్గర ఆగిందో చెబుతుంది. ఆ తర్వాత ఈమాక్స్‌లో కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కి, రిటర్న్ నొక్కి, ఆర్ నొక్కాను. ఈ ఫైలును నేను చెప్పిన పద్ధతిలో మళ్లీ చదువు అని దాని అర్థం. యూటీఎఫ్-8 అని చెప్పాను. ఒక్కసారిగా 412 పేర్లూ తెలుగులో నిలబడ్డాయి. న్యూజెర్సీ వీధి పేరులో మాత్రం 222 అని ఒక అంకె మిగిలింది. దాన్ని చెరిపి మామూలు అపాస్ట్రఫీ పెట్టాను. చీటీని మొదటి వరుసకు తెచ్చాను. తెర అడుగున ఉండే గీత మీద యూటీఎఫ్-8కి గుర్తయిన యూ అక్షరం కనిపించాకనే సేవ్ చేశాను.

ఈ సందర్భంగా జపానులోని ఒక బృందాన్ని తలచుకోవాలి. ఈమాక్స్ మొదట్లో ఇంగ్లీషు ఎడిటరు. త్సుకుబా నగరంలోని ఎలక్ట్రోటెక్నికల్ లాబొరేటరీలో హాండా కెనిచి, ఆయన సహచరులు దానికి ప్రపంచ లిపులన్నీ నేర్పే పని తలకెత్తుకున్నారు. మ్యూల్ అనే పేరుతో చేసిన ఆ పని 1997లో 20వ వెర్షన్లో ఈమాక్స్‌లో కలిసింది. 2009లో వచ్చిన 23వ వెర్షన్తో లోపలి నిల్వ పద్ధతి యూనికోడ్ ఆధారంగా మారింది. ఆ మరుసటేడే నేను అమ్మ డైరీ ఎక్కించడం మొదలుపెట్టాను. ఈమాక్స్‌తో పాటు వచ్చే హలో అనే ఫైలు తెరిస్తే లోకంలోని భాషల పలకరింపులు కనిపిస్తాయి. వాటి మధ్య మన 'నమస్కారం' కూడా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

నా 412 చిరునామాలు బతికాయి. అన్నయ్య దగ్గరివి మిగిలాయి. అవి 37. ఆఫీసు స్నేహితులు, ఈ మధ్య ఇళ్లు మారిన చుట్టాలు. పాత ఫోన్లోంచి అవి తీసి ఎవరికో ఇచ్చాడు. వాళ్లు ఎక్సెల్‌లో తెరిచారు, ఫ్రెంచిలా కనిపించింది, సేవ్ చేశారు. అంతటితో ఆగి ఉంటే పూర్తిగా తిరిగి రాబట్టేవాణ్ని. ఎవరో సాయం చెయ్యబోయి, కనిపించని గుర్తులను ఏరిపారేసే ఒక ప్రోగ్రాంలో దాన్ని తిప్పారు. ఫోను అప్పటికే మారిపోయింది. ఆ ఫైలొక్కటే మిగిలింది.

ఫోన్లోంచి చిరునామాలు తీయడంలో ఇంకో చిక్కు కూడా ఉంటుంది, క్లుప్తంగా చెప్పి వెళ్తాను. వీకార్డ్ అనే పద్ధతి పాత వెర్షన్లో ఒక్కో బైటును మూడు ఇంగ్లీషు గుర్తులుగా రాస్తారు. వెంకటేశ్వరరావు అన్న పేరు మన కంటికి ఏడు అక్షరాలు. యూనికోడ్‌కు 14. బైట్లలో 42. ఆ వీకార్డ్‌లో 126 గుర్తులు. ఒక వరుసలో 76 గుర్తులకు మించకూడదని అక్కడ నియమం. కనుక పేరు మధ్యలో విరుగుతుంది. విరిగిన ముక్కను అతకడం చేతకాని ప్రోగ్రాంలు రెండో సగాన్ని పారేస్తాయి. 2011లో వచ్చిన నాలుగో వెర్షన్ యూటీఎఫ్-8 తప్ప వేరేది వాడొద్దని, బహుళ బైట్ల అక్షరాన్ని మధ్యలో విరవొద్దని తేల్చి చెప్పింది.

అన్నయ్య 37 పేర్ల దగ్గరకు వస్తాను. ఈమాక్స్‌లో రీకోడ్ రీజియన్ అని ఒక ఆదేశం ఉంది. అది రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఈ పాఠం నిజానికి దేనిలో ఉంది? కానీ దేనిగా చదివారు? వైద్యుడు అడిగే ప్రశ్నల్లా ఉంటాయి. యూటీఎఫ్-8లో ఉంది, విండోస్-1252గా, అంటే ఆ పాత విండోస్ పద్ధతిగా, చదివారు అని చెప్పాను. గీతలు కరిగి తెలుగు తేలింది. కానీ చిల్లులతో తేలింది. రావు అని ఉండాల్సిన చోట 'రావ', పక్కన 340, 261 అని రెండు అంకెలు. కృష్ణ అని ఉండాల్సిన చోట 'కృష', రెండు అంకెలు, 'ణ'.

చాలాసేపు చూశాక సంగతి అర్థమైంది. విండోస్-1252 పట్టికలో అయిదు గదులు ఖాళీగా ఉంటాయి. 129, 141, 143, 144, 157. వాటికి ఏ గుర్తూ కేటాయించలేదు. కనిపించని గుర్తులను ఏరిపారేసినప్పుడు వాటిలో ఉన్నవి ముందు పోతాయి. ఆ ఖాళీ గదుల్లో మనవాళ్లు ఎవరెవరు పడ్డారో చూడండి. కొమ్ము మూడో బైటు 129. పొల్లు మూడో బైటు 141. తెలుగులో పొల్లు లేకుండా ఒక్క వత్తు పడదు. కొమ్ము లేకుండా రావులు లేరు, రాజులు లేరు, నాయుళ్లు లేరు. 'ఏ' 143లో పడింది. 'ఐ' 144లో, 'ఝ' 157లో. వీటికి తోడు 173 అన్నది పదం విరిచేందుకు పెట్టే కనిపించని గీత, దానిలో మన 'భ' ఉంది. అదీ పోయింది. మన భాషను ఎరిగినవాళ్లు పగబట్టి ఏరినా ఇంత పదును ఉండదు. ఎవరి తప్పూ కాదు, రెండు పట్టికలు అలా ఎదురుపడ్డాయి.

అయితే ఇక్కడే మరమ్మతుకు దారి కూడా దొరికింది. 224, 177 మిగిలి మూడోది పోయిందంటే, అక్కడ ఉండగలిగినవి మన వాడుకలో రెండే. కొమ్ము లేదా పొల్లు. 224, 176 మిగిలి మూడోది పోతే 'ఏ', 'ఐ', 'ఝ', 'భ' లాంటి కొద్దిపాటి అక్షరాల్లో ఒకటి. యంత్రం అంతవరకు తెచ్చి వదిలేసింది. అక్కడి నుంచి తెలుగు వచ్చిన మనిషి కావాలి.

ఊళ్లు తేలిగ్గా తేలాయి. ఒక చిరునామా చివర చిల్లు, 'లూర', మళ్లీ చిల్లు, పక్కన 534001. ఏలూరు కాక మరేమిటి? ఇంకోచోట మొదటి అక్షరం పోయి, 'ీమవరం', 534201. భీమవరం. అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ 127 లోపలి బైట్లు, ఏ పద్ధతిలో చదివినా అవి మారవు. అమ్మాయి మొదటి ఫోన్లో పిన్‌కోడ్లు మాత్రం బాగున్నాయి అన్నది అందుకే. 1972 ఆగస్టు 15న తపాలా శాఖ ఈ ఆరంకెలు మొదలుపెట్టింది. ఒకే పేరున్న ఊళ్లు, రకరకాల లిపుల్లో రాసిన చిరునామాలు తికమక పెట్టకుండా ఉండాలన్నదే వాటి ఉద్దేశం. శ్రీరామ్ భికాజీ వెలాంకర్ అనే అధికారి రూపొందించిన ఆ అంకెలు యాభై ఏళ్ల తర్వాత నాకు సరిగ్గా ఆ పనే చేసిపెట్టాయి.

పేర్లు కూడా చాలావరకు తేలాయి. 'కృష', చిల్లు, 'ణ' అంటే పొల్లే. 'ప', చిల్లు, 'రసాద', చిల్లు అంటే ప్రసాద్. చిల్లు, 'ాస', చిల్లు, 'కరరావ', చిల్లు అంటే భాస్కరరావు. ఇవి నింపుతూ ఉంటే, చిన్నప్పుడు వత్తులు తప్పుగా రాస్తే అమ్మ పలక మీద దిద్దించిన సాయంత్రాలు గుర్తొచ్చాయి. చివర కొమ్ముందా పొల్లుందా అన్నది మన పేర్లలో చిన్న విషయం కాదు. అది ఒక్కోసారి తరాన్ని చెబుతుంది. తాత వెంకటరాజు, మనవడు వెంకట్‌రాజ్. చాలామంది ఫోన్లో పేర్లను ఇంగ్లీషులో పెట్టుకుంటారు, తెలుగైతే చెడిపోతుందేమోనన్న భయంతో. ఆ భయానికి కారణం ఉందని నాకూ తెలుసు. కానీ రమకూ రామకూ తేడా తెలియని రాతలో మన వాళ్లను దాచుకోవడం నాకిష్టం లేదు. చెడినప్పుడు బాగుచేసుకునే దారి ఉన్నప్పుడు అసలే ఇష్టం లేదు.

37లో 36 తేలాయి. ఒక్కటి తేలలేదు. 'రామ', చిల్లు. అంతే. రాము కావచ్చు, రామ్ కావచ్చు. చిరునామాలో ఇంటిపేరు కూడా లేదు. కాకినాడలో ఒక వీధి, ఒక ఫోను నంబరు. అన్నయ్యను అడిగితే, "వాడా, అందరం ఏదోటి పిలుస్తాంరా, రాత ఎలాగో నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు. శుభలేఖ మీద పేరు తప్పు రాయడం నా వల్ల కాదు. ఆ నంబరుకు ఫోను చేశాను. ఒక పెద్దావిడ ఎత్తారు.

"నమస్కారమండీ, విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. మా అమ్మాయి పెళ్లికి శుభలేఖ పంపుతున్నామండీ. మీ అబ్బాయి పేరు రాము అని రాయాలా, రామ్ అని రాయాలా అని అడుగుదామని."

అవతల ఒక క్షణం మాట లేదు.

"సర్టిఫికెట్లలో రామ్ అనే ఉంటుంది బాబూ. ఆఫీసులోనూ అదే. పెట్టింది మాత్రం మా మామగారి పేరు, రాముడని. ఇంట్లో రాము. ఇన్నాళ్లలో ఎవరూ అడగలేదు. నువ్వు రాము అనే రాయి నాయనా."

కొమ్ము పెట్టి, సేవ్ చేశాను.